ఫొటోరెక్ 7.2: పేర్లు పోతాయి, ఫొటోలు దక్కుతాయి

పోయిన ఫొటోలని డిస్కులోంచి తవ్వితీసే సాఫ్ట్‌వేర్ ఫొటోరెక్. దాని దాకా వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి దానితో పనిలేదు. ఫొటో లైబ్రరీ తెరిస్తే ఖాళీ తెర, లేదా వరసగా బూడిదరంగు గళ్లు. గుండె గుభేలుమంటుంది. ఆ కంగారులో చేతికందిన రికవరీ సాఫ్ట్‌వేర్‌ని దించేసి, అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేసి, ఇంకా మిగిలున్న ఫొటోల మీద తామే మట్టి కప్పేస్తారు. అందుకే ఈ సమీక్షలో మంచి భాగం ఫొటోరెక్‌ని ముట్టుకోకముందు చూసుకోవాల్సిన వాటికే పోతుంది.

అసలు తీర్పు ముందే చెప్పేస్తే: మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కు అయితే ఇంతకన్నా నమ్మదగ్గ సాధనం కోసం వెతకనక్కర్లేదు. ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాలు లేని డిస్కు) అయితే దీని మీదే కాదు, దేని మీదా పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఎక్కడ పనిచేసినా ఇది తెచ్చేది ఫొటోలని, లైబ్రరీని కాదు. ఆల్బమ్‌లు, ఫైలు పేర్లు, ముఖాలకి పెట్టుకున్న పేర్లు, ఫేవరెట్లు ఏవీ తిరిగిరావు. క్రిస్టోఫ్ గ్రెనియే 2002 నుంచి నడుపుతున్న ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. డబ్బు తీసుకునే చాలా రికవరీ సాఫ్ట్‌వేర్లు దొరికిన ఫొటోలని ఊరించేలా చూపించి, సేవ్ నొక్కగానే కార్డు నంబరు అడుగుతాయి. ఇక్కడ ఆ తంతు లేదు.

పోయింది సరుకా, చిట్టానా?

ఏ ఫొటో లైబ్రరీ అయినా ఒక గోదాము, ఒక చిట్టా. గోదాములో అసలు ఫొటో ఫైళ్లుంటాయి. చిట్టా అంటే డేటాబేసు: ఏ ఫొటో ఎక్కడుంది, ఏ ఆల్బమ్‌లో ఉంది, ఏం మార్పులు చేశారు అన్నది రాసుకునేది. చిట్టా చిరిగినా తెర మీద ఖాళీయే కనబడుతుంది, సరుకు పోయినా ఖాళీయే కనబడుతుంది. ఫొటోరెక్ పనికొచ్చేది రెండోదానికి మాత్రమే.

మ్యాక్‌లో ఇది తేల్చుకోవడం తేలిక. పిక్చర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫొటోస్ లైబ్రరీ మీద రైట్ క్లిక్ చేసి గెట్ ఇన్ఫోలో సైజు చూడండి. లోపల ఏమీ కనబడకపోయినా సైజు మాత్రం ఎప్పట్లాగే 80 జీబీ ఉంటే సరుకు భద్రం, చెడింది చిట్టా. అదే తెర మీద ఇరవై వేల ఫొటోలు కనబడుతూ సైజు 6 జీబీయే ఉంటే అది జబ్బు కాదు. ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్ ఆన్‌లో ఉంది, అసలు ఫైళ్లు ఐక్లౌడ్‌లో ఉన్నాయి, ఇక్కడున్నవి చిన్న నకళ్లు. ఇలాంటి డిస్కుని ఎంత తవ్వినా ఆ చిన్న నకళ్లే దొరుకుతాయి. ఇక సైజు కొన్ని ఎంబీలే ఉండి ఫొటోలూ లేకపోతే, బహుశా మీరు తెరిచింది వేరే లైబ్రరీ. ఆప్షన్ మీట నొక్కిపట్టి ఫొటోస్ తెరిస్తే దానికి తెలిసిన లైబ్రరీలన్నీ జాబితాగా వస్తాయి. పొరపాటున పుట్టిన ఖాళీ లైబ్రరీ ఒకటి అందులో కనబడటం మామూలే.

ఇంకాస్త దగ్గరగా చూడాలంటే అదే రైట్ క్లిక్ మెనూలో షో ప్యాకేజ్ కంటెంట్స్ నొక్కండి. ఒరిజినల్స్ అనే ఫోల్డర్ కనబడుతుంది (మ్యాక్ సిస్టమ్ కాటలినా వెర్షన్‌కి ముందు దాని పేరు మాస్టర్స్). దాని లోపల సున్నా నుంచి తొమ్మిది, తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు మొత్తం 16 ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో మీ ఫొటోలు, అయితే గుర్తుపట్టలేని పొడుగాటి పేర్లతో. అసలు పేర్లు చిట్టాలో ఉంటాయి. ఫొటో తీసిన తేదీ మాత్రం ఫైలులోనే ఉంటుంది. ఇక్కడ చూడండి, కావాలంటే మొత్తం ఫోల్డర్‌ని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఒక్క ఫైలు కూడా జరపకండి, పేరు మార్చకండి. అలా చేస్తే బాగున్న చిట్టా కూడా తప్పుల తడక అవుతుంది.

సరుకు ఉండి చిట్టా చెడితే ఆపిల్ వాళ్ల రిపేరే మందు. లైబ్రరీ ఫైలు మొత్తాన్ని ముందు ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఫొటోస్ మూసేసి, ఆప్షన్, కమాండ్ రెండు మీటలూ నొక్కిపట్టి మళ్లీ తెరవండి. రిపేర్ చెయ్యమంటారా అని అడుగుతుంది. పెద్ద లైబ్రరీకి గంటలు పట్టొచ్చు. గీత ఒకచోట ఆగిపోయినట్టుందని మధ్యలో బలవంతంగా ఆపేస్తే మొదటికే మోసం. పూర్తయ్యాక కొన్ని ఫొటోలు ఇంకా కనబడకపోతే, వాటిని మొదట్లో "లైబ్రరీలోకి కాపీ చెయ్యి" అన్న టిక్ తీసేసి దిగుమతి చేశారేమో ఆలోచించండి. అలాంటివి ఎప్పుడూ లైబ్రరీలో లేవు. ఏదో ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉన్న ఫైళ్లని లైబ్రరీ వేలుపెట్టి చూపిస్తోందంతే. ఆ డిస్కు తగిలిస్తే వచ్చేస్తాయి.

ఒకసారి రిపేరైన లైబ్రరీ నెలలోపే మళ్లీ చెడిందంటే తప్పు దాన్ని ఉంచిన చోటులో ఉంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ డిస్కు, క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్, ఈ మూడూ ఫొటోస్ లైబ్రరీకి సరిపడవు. అది బయటికి ఒకే ఫైలులా కనబడినా లోపల వేల ఫైళ్ల ఫోల్డర్. సింక్ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలుగా ఎక్కిస్తూ, దించుతూ ఉంటే చిట్టాలో ఒక పేజీ నిన్నటిది, ఇంకో పేజీ ఇవాళ్టిది అవుతుంది.

విండోస్‌లో కథ వేరు. అక్కడి ఫొటోస్ యాప్‌కి మ్యాక్ తరహా లైబ్రరీ మూట లేదు, ఫోల్డర్లలో ఏముంటే అది చూపిస్తుంది. కాబట్టి ఫొటోలు మాయమయ్యాయంటే ముందు అనుమానించాల్సింది వన్‌డ్రైవ్‌ని. బ్యాకప్ ఆన్ చేసినప్పుడు అది పిక్చర్స్ ఫోల్డర్‌నే తన లోపలికి లాక్కుంటుంది. ఆఫ్ చేసినప్పుడు ఫొటోలు వన్‌డ్రైవ్ లోపలి పిక్చర్స్‌లో ఉండిపోవచ్చు, అప్పుడు మీరు తెరిచే మామూలు పిక్చర్స్ ఖాళీగా కనబడుతుంది. తర్వాత రీసైకిల్ బిన్, ఆ తర్వాత వన్‌డ్రైవ్ వెబ్‌సైటులోని రీసైకిల్ బిన్ చూడండి. సొంత ఖాతాల్లో అక్కడ 30 రోజులు ఉంటాయి. మ్యాక్ ఫొటోస్‌లోని రీసెంట్లీ డిలీటెడ్‌కీ గడువు 30 రోజులే. అడోబీ ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ వాడేవాళ్లకి ఫొటో మీద ప్రశ్నార్థకమో ఆశ్చర్యార్థకమో కనబడితే అది ఫోల్డర్ జరిగిందన్న కబురు మాత్రమే; ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త చోటు చూపిస్తే సరి.

నిజంగా పోయినప్పుడు

ఇవేవీ కాదు, ఫార్మాట్ చేసేశారు, బిన్ కూడా ఖాళీ చేశారు, లేదా డిస్కు తగిలించగానే "వాడేముందు ఫార్మాట్ చెయ్యాలి" అని విండోస్ అడుగుతోంది. ఇప్పుడు ఫొటోరెక్ వంతు. ఫార్మాట్ అడిగితే వద్దనండి. విండోస్ డిస్కు తనిఖీ సాధనం చెక్‌డిస్క్ కూడా నడపకండి. అది డిస్కుని వాడుకోదగ్గ స్థితికి తేవడానికి పుట్టింది, మీ ఫైళ్లని కాపాడటానికి కాదు. తెగిపోయిన ముక్కలని ఫౌండ్ అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేసి, ఫోల్డర్ల పట్టికని అక్కడే తిరగరాసేస్తుంది. రికవరీ అంతా అయ్యాక కావాలంటే నడుపుకోండి.

ఇంకో జాగ్రత్త ఉంది. డిస్కు టిక్ టిక్ మంటున్నా, ఒక ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతున్నా అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటిదానితో స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. 5వ నంబరు (పాడై మార్చేసిన సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న గళ్లు), 197వ నంబరు (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు) సున్నా దాటి పెరుగుతుంటే నేరుగా ఫొటోరెక్ పెట్టకండి. గ్నూ డీడీరెస్క్యూతో ముందు డిస్కు మొత్తానికి ఒక ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు ఫైలు) తీసి, ఫొటోరెక్‌ని ఆ ఇమేజ్ మీద నడపండి. డీడీరెస్క్యూకి మ్యాప్ ఫైలు ఇవ్వడం మరవద్దు. అది ఉంటే మధ్యలో ఆగినా మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది, బాగున్న భాగాలని ముందు చదివి పాడైన చోట్లకి చివర్లో వెళుతుంది. టకటక కొట్టుకునే శబ్దం వస్తుంటే మాత్రం కరెంటు తీసేసి, శుభ్రమైన గదిలో డిస్కు విప్పగల నిపుణుల దగ్గరికి తీసుకెళ్లడమే.

ఫొటోరెక్ ప్యాకేజీలోనే టెస్ట్‌డిస్క్ అని ఇంకోటి వస్తుంది. చాలామంది దాన్ని తెరవనుకూడా తెరవరు. పార్టిషన్ (డిస్కులో విడదీసిన ఒక భాగం) మొత్తం మాయమైనా, ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డిస్కుల్లో ఇటీవలే ఫైళ్లు చెరిపేసినా ముందు ప్రయత్నించాల్సింది దాన్నే. పట్టిక మిగిలుంటే ఫైళ్లని పేర్లతో, ఫోల్డర్లతో సహా వేరే చోటికి కాపీ చేసిస్తుంది. అది చేతులెత్తేశాకే ఫొటోరెక్.

వాడకం

ఇన్‌స్టాలేషన్ లేదు, జిప్ విప్పి నడపడమే. పోయిన ఫొటోలున్న డిస్కులో మాత్రం విప్పకండి. నల్లతెర రూపం ఒకటి, కిటికీ రూపం క్యూఫొటోరెక్ ఒకటి ఉన్నాయి. ఇంట్లో వాడేవాళ్లకి రెండోది చాలు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే డిస్కులే కనబడవు.

కిటికీలో పైన డిస్కుల జాబితా. పేరుకన్నా సైజు చూసి ఎంచుకోవడం మేలు. కింద పార్టిషన్లు. ఆ కింద ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లని అమర్చే పద్ధతి) రకం: లైనక్స్ ఎక్స్‌ట్ కుటుంబం అయితే మొదటిది, ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ డిస్కులు, మిగతావన్నీ రెండోది. దాని పక్కనే ఉండే ఫ్రీ, హోల్ అన్న రెండు ఎంపికలే ఫలితాన్ని ఎక్కువగా మారుస్తాయి. ఫ్రీ అంటే ఖాళీ అని గుర్తున్న చోటునే వెతుకుతుంది, కాబట్టి ఇప్పటికీ ఉన్న ఫైళ్లు మళ్లీ రావు. బాగున్న డిస్కులోంచి కొన్ని చెరిపేస్తే ఇది సరైనది. ఫార్మాట్ అయినా, డిస్కు తెరుచుకోకపోయినా మొత్తం చోటుని వెతికే హోల్ పెట్టండి.

తర్వాత ఫైల్ ఫార్మాట్స్. డిఫాల్టుగా వందల రకాలు టిక్ అయి ఉంటాయి. అలాగే వదిలేస్తే బ్రౌజర్ చెత్త, విండోస్ ఫైళ్లు, పాటలు అన్నీ కలిసి లక్షల్లో వచ్చిపడతాయి. అన్నీ తీసేసి జేపీజీ, టిఫ్, పీఎన్‌జీ, మూవ్, మీ కెమెరా రా ఫార్మాట్ (జేపీజీగా మార్చకుండా దాచే ముడి ఫైలు) టిక్ చెయ్యండి. టిఫ్ ఎందుకంటే చాలా కెమెరాల రా ఫైళ్లు లోపల టిఫ్ కట్టడమే. మూవ్ ఎందుకంటే ఐఫోన్ వాడే హెచ్‌ఈఐసీ ఫొటో, ఎంపీ4 వీడియో కట్టబడేది అదే తరహా పెట్టెలో. వీడియోలు అక్కర్లేదని మూవ్ తీసేసి, ఫోన్ ఫొటోలు రాలేదని ఫొటోరెక్‌ని తిట్టుకోవడం అనవసరం.

చివరగా ఎక్కడ సేవ్ చెయ్యాలో చూపించాలి. ఇది తప్పనిసరిగా వేరే డిస్కు. అందులో పాత డిస్కు సైజుకి సరిపడా ఖాళీ ఉంటే నిశ్చింత. నల్లతెర రూపంలో జనం జారిపడేది ఇక్కడే. బాణం మీటలతో ఫోల్డర్ దాకా వెళ్లి సి అక్షరం నొక్కాలి. వెళ్లకుండానే సి నొక్కేస్తే ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే అన్నీ కుమ్మరిస్తుంది.

సమయం లెక్క సులువే. యూఎస్‌బీ 2 మీద సెకనుకి 30 ఎంబీ చదువుతుందనుకుంటే ఒక టెరాబైట్‌కి తొమ్మిది గంటలు దాటుతుంది. యూఎస్‌బీ 3 మీద హార్డ్ డిస్కు సెకనుకి 100 ఎంబీ ఇస్తే మూడు గంటల లోపు. పాడైన సెక్టార్లుంటే ఈ లెక్క చెల్లదు. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చి వదిలెయ్యండి.

వచ్చిన కుప్ప

రికప్‌_డిర్ అన్న పేరుకి 1, 2, 3 అని అంకెలు తగిలించి ఫోల్డర్లు పుడతాయి, ఒక్కోదాంట్లో 500 ఫైళ్లు. ఎఫ్ అక్షరం పక్కన ఏడెనిమిది అంకెలు, ఇదే ఫైలు పేరు. ఆ అంకె ఫైలు మొదలైన సెక్టార్ నంబరు. చూడటానికి పిచ్చిగా ఉన్నా పనికొచ్చే సంగతే. ఒకేరోజు కాపీ చేసిన ఫొటోలు డిస్కులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పేరు వరసలో పెడితే ఒక పెళ్లి ఫొటోలు చాలావరకు ఒకచోటే తేలతాయి. టి తో మొదలయ్యేవి ఫొటో లోపల దాగివున్న బొటనవేలంత నకళ్లు. వాటిని వెంటనే పారెయ్యకండి. అసలు ఫొటో దొరకనిచోట 160 బై 120 నకలైనా ఏం పోయిందో చెబుతుంది.

మ్యాక్ ఫొటోస్ లైబ్రరీ ఉన్న డిస్కు అయితే ఒకే ఫొటో మూడు నాలుగు సైజుల్లో వస్తుంది. లైబ్రరీ తెర మీద త్వరగా చూపించడానికి చిన్న నకళ్లు చేసి దాచుకుంటుంది, ఫొటోరెక్‌కి అసలుకీ నకలుకీ తేడా తెలీదు. సైజు వరసలో పెట్టి 300 కేబీ కన్నా చిన్నవి వేరే ఫోల్డర్‌లోకి తోసేస్తే కుప్ప సగం తగ్గినట్టు అనిపిస్తుంది. మిగతా వాటిలో ఒకేలాంటివి ఏరడానికి డూప్‌గురు చాలు. తేదీల పని ఎగ్జిఫ్‌టూల్ చూసుకుంటుంది. ఫొటోలో రాసివున్న తీసిన తేదీని చదివి, సంవత్సరం, నెలవారీ ఫోల్డర్లలోకి తానే సర్దేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో మాత్రం ఆ తేదీ ఉండదు, అవి చేత్తో ఏరుకోవాల్సిందే.

ఇక సగం ఫొటోలు. పైన మొహాలు చక్కగా ఉంటాయి, నడుము దగ్గరినుంచి కిందంతా బూడిదరంగు, లేదా ఇంకెవరిదో ఫొటో గులాబీ రంగులో పక్కకి జరిగి అతుక్కుని ఉంటుంది. ఇది ఫొటోరెక్ తప్పు కాదు, దాని పద్ధతికున్న హద్దు. అది ఫోల్డర్ల పట్టికని చూడదు. ప్రతి బ్లాకు మొదట్లో ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ లాంటి గుర్తు కోసం చూస్తుంది, కనబడితే అక్కడినుంచి వరసగా చదువుకుంటూ పోతుంది. ఫైలు డిస్కులో రెండు మూడు చోట్ల ముక్కలుగా ఉంటే మొదటి ముక్క తర్వాత తగిలేది వేరేవాళ్ల సరుకు. నిండుగా ఉన్న డిస్కులో ఏళ్లతరబడి చెరుపుతూ రాస్తూ ఉంటే ఇలాంటివి ఎక్కువ. నల్లతెర రూపంలో ఆప్షన్స్‌లోని పారనాయిడ్‌కి బ్రూట్ ఫోర్స్ తగిలిస్తే ముక్కలైన జేపీజీలు ఇంకొన్ని అతుకుతాయి, కానీ ప్రాసెసర్‌ని పిండేస్తుంది. మొదటిసారే పెట్టకండి.

ఎస్‌ఎస్‌డిలో ఫలితం దాదాపు సున్నా ఎందుకంటే, ఫైలు చెరిపేయగానే ఆ చోటు ఇక అక్కర్లేదని చెప్పే ట్రిమ్ అనే ఆదేశాన్ని సిస్టమ్ డ్రైవ్‌కి పంపుతుంది. ఆ తర్వాత ఆ చోటు చదివితే డ్రైవ్ సాధారణంగా ఉత్త సున్నాలే ఇస్తుంది. ఎస్‌ఎంఆర్ (వరసలు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే) రకం కొన్ని కొత్త హార్డ్ డిస్కులూ ట్రిమ్ పాటిస్తాయి. యూఎస్‌బీ పెట్టెలోని ఎస్‌ఎస్‌డికి ఆ ఆదేశం చేరకపోవచ్చు కాబట్టి ఒక ప్రయత్నం దండగ కాదు. ఆపిల్ సిలికాన్ (ఆపిల్ సొంత చిప్) మ్యాకుల్లో లోపలి డ్రైవ్ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలోనే ఉంటుంది, అక్కడ బ్యాకప్ తప్ప దారి లేదు. విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఉన్న డిస్కు అయితే ముందు తాళం తీసి, మొత్తం డిస్కుని కాకుండా డ్రైవ్ అక్షరాన్ని ఎంచుకోవాలి. లేకపోతే ఫొటోరెక్‌కి కనబడేది గజిబిజి మాత్రమే.

ఫైలు ఉండి తెరుచుకోకపోతే ఫొటోరెక్ చేసేదేమీ లేదు. హెక్స్ వ్యూయర్‌లో (ఫైలులోని అంకెలని నేరుగా చూపించే సాధనంలో) చూసినప్పుడు మొదటినుంచి చివరిదాకా సున్నాలే ఉంటే అందులో ఫొటో లేనట్టే, ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ దాన్ని పుట్టించలేదు. దెబ్బతిన్నది రా ఫైలు అయితే ఒక దారి ఉంది. చాలా కెమెరాలు అందులో ఒక పెద్ద జేపీజీ ప్రివ్యూ దాస్తాయి, ఎగ్జిఫ్‌టూల్ దాన్ని బయటికి తీస్తుంది.

దొరికిన ఫొటోలు సర్దడం అయ్యేదాకా పాత డిస్కుని ముట్టుకోకండి. ఫ్రీతో వెతికి కొన్ని తగ్గాయనిపిస్తే హోల్‌తో ఇంకోసారి, అప్పటికీ తగ్గితే బ్రూట్ ఫోర్స్‌తో మూడోసారి వెతకాల్సి రావొచ్చు. ఫొటోరెక్ పాత డిస్కు మీద ఏమీ రాయదు కాబట్టి ఎన్నిసార్లు నడిపినా అది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.